సిపాయి దారి – ఆఫీసరు దారి

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉర్దూ మీడియం బడిపంతులును. తెలుగులో ఎక్కడన్నా తడబడితే పెద్దమనసుతో మన్నించగలరు.

పోయిన రంజాన్‌లో ఒకనాడు ఇఫ్తార్ అయినంక నా పాత విద్యార్థి ఒకడు ఇంటికి వచ్చినాడు. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాడు. తండ్రి బట్టలు కుడతాడు. "సార్, అగ్నివీర్‌కు ఫారం నింపుదామనుకుంటున్న. సెలెక్టయితే చదువు బంద్ చేస్త. అబ్బా కూడా సరే అన్నడు. మీరేమంటరు?" అని అడిగినాడు. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయినాను. ఎందుకంటే ఆ ప్రశ్న నాకు పాతది.

1999లో కార్గిల్ యుద్ధం జరిగినప్పుడు నేనూ డిగ్రీ రెండో సంవత్సరమే. వేములవాడలో ఎక్కడ నలుగురు కూడినా అదే ముచ్చట. ఆ ఊపులో సిపాయి భర్తీకి పోయినాను. పరుగులో గట్టెక్కినాను గాని ఛాతీ కొలత దగ్గర వెనక్కి పంపినారు. పంపినందుకు బాధ లేదు. బాధ వేరే ఉన్నది. డిగ్రీ చదివినవాడు పరీక్ష రాసి నేరుగా ఆఫీసరు కావచ్చునని ఆనాడు నాకు తెలియదు, చెప్పినవారూ లేరు. ఆ పరీక్ష ప్రకటన పేపర్లో మొదటిసారి చూసేనాటికి నాకు 26 ఏండ్లు. వయసు దాటిపోయింది. ఆ కార్గిల్ యుద్ధంలోనే ప్రాణమిచ్చి మహావీర చక్ర పొందిన మేజర్ పద్మపాణి ఆచార్య మన హైదరాబాదువాడే. ఉస్మానియాలో డిగ్రీ చేసి, మద్రాసులోని ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీ గుండా పోయినవాడు. అంటే దారి ఉన్నది. మన గడపదాకా దాని కబురు రాలేదు, అంతే.

ఒక మాట ముందే మనవి చేస్తాను. సిపాయి తక్కువ, ఆఫీసరు ఎక్కువ అని చెప్పటానికి నేను నిలబడలేదు. 1965లో ఖేమ్‌కరణ్ దగ్గర జీపు మీది తోపుతో శత్రు ట్యాంకులను పేల్చి అమరుడైన అబ్దుల్ హమీద్ హవల్దారు. దర్జీ కొడుకు. ఆయనకు పరమవీర చక్ర వచ్చింది. 1948లో నౌషేరాను కాపాడి, అదే జూలై 3న అమరుడైన మహమ్మద్ ఉస్మాన్ బ్రిగేడియర్. ఆయనకు మహావీర చక్ర వచ్చింది. ఇజ్జత్‌లో ఇద్దరికీ తేడా లేదు. తేడా ఉన్నది నౌకరి పద్ధతిలో, దాని గడువులో. అది తెలుసుకొని ఎంచుకోవాలన్నదే నా మనవి.

ఇక లెక్క చూద్దాం. 2022 జూన్‌లో అగ్నిపథ్ పథకం వచ్చింది. అగ్నివీర్ నౌకరి నాలుగేండ్లు. మొదటి ఏడు నెలకు 30,000 రూపాయలు, అందులో చేతికొచ్చేది 21,000. మిగతాది నిధికి పోతుంది, అంతే సొమ్ము ప్రభుత్వం కలుపుతుంది. నాలుగేండ్లు నిండినంక వడ్డీతో కలిపి సుమారు 11.71 లక్షలు వస్తాయని చెప్పినారు. పింఛను లేదు. ఆ తర్వాత రెగ్యులర్‌గా ఉంచుకునేది నూటికి 25 మందికి మించకుండా అని పథకంలో రాసినారు. మిగతావారు ఇరవై రెండు, ఇరవై నాలుగేండ్ల వయసులో ఇంటికి రావాలి. డిగ్రీ నడుమ వదిలి పోయినవాడు వచ్చి ఏం చేయాలి? మళ్లీ దుబాయి కాగితాలేనా? ఈ భయంతోనే 2022 జూన్ 17న సికింద్రాబాదు స్టేషన్‌లో గొడవైంది. కాల్పుల్లో ఒక పిల్లవాడు చనిపోయినాడు. ఎందరి మీదనో కేసులైనవి. భయం నిజమైనదే గాని, ఆ తొవ్వ మాత్రం మనది గాదు.

ఆఫీసరు దారి సంగతి. ఇంటర్ పిల్లలకు ఎన్.డి.ఏ. పరీక్ష ఉన్నది. డిగ్రీ పిల్లలకు సి.డి.ఎస్. పరీక్ష. రెంటినీ యు.పి.ఎస్.సి. ఏడాదికి రెండుసార్లు పెడుతుంది. సి.డి.ఎస్.కు ఆఖరి సంవత్సరంలో ఉన్నవారూ కూర్చోవచ్చు. డెహ్రాడూన్ మిలిటరీ అకాడమీకి ఏ డిగ్రీ అయినా చాలు. మద్రాసు అకాడమీకైతే లెక్కల పేపరే లేదు, ఇంగ్లీషు, జనరల్ నాలెడ్జి రెండే. ఆర్ట్సు పిల్లలు ఇది గుర్తుపెట్టుకోవాలి. ఆడపిల్లలకూ అక్కడ చోటున్నది. ఎన్.సి.సి. 'సి' సర్టిఫికెట్‌లో కనీసం 'బి' గ్రేడు, డిగ్రీలో 50 శాతం మార్కులు ఉన్నవారికి రాత పరీక్ష లేకుండా నేరుగా ఇంటర్వ్యూకు పోయే దారి కూడా ఉన్నది.

సులువని నేను చెప్పను. రాత పరీక్ష నెగ్గినంక అయిదు రోజుల ఎస్.ఎస్.బి. ఇంటర్వ్యూ ఉంటుంది. అక్కడినుంచి తిరిగొచ్చేవారే ఎక్కువ. మద్రాసు దారిలో వచ్చేది షార్ట్ సర్వీసు, మొదట పదేండ్లు. అది కూడా తెలిసి పోవాలి.

మనకు అసలు అడ్డు వేరే ఉన్నది. అగ్నివీర్ రాత పరీక్షను 2025లో తెలుగు, ఉర్దూతో కలిపి 13 భాషల్లో పెట్టినారు. సి.డి.ఎస్.కు ఆ సౌకర్యం లేదు. జనరల్ నాలెడ్జి, లెక్కల ప్రశ్నలు హిందీ, ఇంగ్లీషుల్లోనే ఉంటాయి, ఇంగ్లీషు పేపరు తప్పించుకోలేము. అంటే సిపాయి తలుపు మన భాషలో తెరిచి ఉన్నది, ఆఫీసరు తలుపు ముందర ఇంగ్లీషు కూర్చున్నది. మన పిల్లలు మొదటి తలుపు దగ్గరే ఆగిపోవటానికి కారణం ధైర్యం తక్కువై గాదు. ఇందులో నావంటి పంతుళ్ల తప్పు కూడా ఉన్నదని ఒప్పుకుంటున్నాను.

ఇంకొక చిక్కున్నది. సిపాయి తలుపు తొందరగా మూసుకుంటుంది. పథకం ప్రకటించినప్పుడు 21 ఏండ్ల వరకే అన్నారు, ఆ ఒక్క ఏడాదికి 23 చేసినారు. ఆఫీసరు తలుపు ఇంచుమించు 24, 25 దాకా తెరిచి ఉంటుంది. అందుకే పిల్లవాడు తొందరపడతాడు, ఇల్లు కూడా తొందరపెడుతుంది. ఏ ఏటి నిబంధనలు ఆ ఏటి ప్రకటనలోనే చూసుకోవాలి. ఎవరో చెప్పిన మాట నమ్మరాదు, ఏజెంటుకు ఒక్క రూపాయి ఇవ్వరాదు.

ఆ పిల్లవానికి చివరికి నేను చెప్పింది ఇది: "బేటా, మీ ఇంట్లో రేపటి బియ్యానికే కష్టమైతే అగ్నివీర్‌కు పో, తల ఎత్తుకొని పో, ఎవనికీ సంజాయిషీ అక్కర్లేదు. కాని ఒక్క ఏడాది ఓపిక పట్టే శక్తి ఇంటికి ఉంటే డిగ్రీ చేతికి తీసుకో, రెండుసార్లన్నా సి.డి.ఎస్. రాయి. రాకపోయినా డిగ్రీ ఎక్కడికీ పోదు."

మరునాడు వాళ్ల అబ్బా నా దగ్గరికి వచ్చినాడు. "మాస్టర్ సాబ్, ఒక్క ఏడు నేను మిషిన్ ఇంకొంచెం ఎక్కువసేపు తొక్కుత" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది.

ఇప్పుడు ఆ పిల్లవాడు రోజూ పొద్దుగూకినంక మా ఇంటికి వస్తున్నాడు. ఇద్దరం ఇంగ్లీషు పేపరు ముందు పెట్టుకొని కూర్చుంటాము. నా ఇంగ్లీషూ అంతంతే. వానితోపాటు నేనూ నేర్చుకుంటున్నాను.

సంఘం పెద్దలకు నా విన్నపం ఒక్కటే. మనం ప్రతి ఏటా ఫీజులకు సాయం చేస్తున్నాము, సంతోషం. ఈ ఏడు ఒక గది, ఒక ఇంగ్లీషు పేపరు, పాత ప్రశ్నపత్రాలు, సాయంత్రం రెండు గంటలు ఇవ్వండి. ఏ మతం పిల్లలైనా వచ్చి చదువుకోనివ్వండి. ఎంతమంది ఆఫీసర్లు అవుతారో నేను మాట ఇవ్వలేను. కాని "మాకెవరూ చెప్పలేదు" అని 26 ఏండ్లకు బాధపడే పిల్లవాడు ఈ ఊర్లో ఇంకొకడు ఉండరాదు.