శరత్కాలమున అరకు కొండలు

అరకులోయను చూడబోవువారిలో పెక్కుమంది కార్తీక మార్గశిరములలో, వలిసెచేలు పసుపుపచ్చని పూలతో నిండినపుడు పోవుదురు. నేను ఆశ్వయుజమునందే పోయితిని. అప్పటికి వలిసె ఇంకను పూతకు రాలేదు. అయినను వానలు వెనుకపట్టిన ఆ దినములలో గెడ్డలు నిండుగా పారుచుండును. ఆకాశము తేటపడి, దూరపు కొండలు సైతము చేరువకు జరిగినట్లుండును.

ఉదయమున విశాఖపట్టణములో రైలెక్కితిని. బొడ్డవర విడిచిన పిమ్మట బండి కొండ నెక్కసాగును. ఒక సొరంగపు చీకటి కన్నుల నుండి తొలగకమునుపే మరియొకటి ఎదురగును. వెలుతురు వచ్చిన క్షణమున ఒక ప్రక్క రాతిగోడ, మరియొక ప్రక్క లోయ. ఈ మార్గమున మొత్తము 58 సొరంగములున్నవి. బొర్రా చెంత ఒక విచిత్రము: పైన పట్టాలు, నడుమ సున్నపురాతి గుహలు, అడుగున గోస్తనీనది. ఆవల 996 మీటర్ల ఎత్తున శిమిలిగూడ స్టేషను. దేశమందలి బ్రాడ్‌గేజి స్టేషనులలో ఎల్ల ఎత్తైనదని ఒకప్పుడు దీనికి పేరు. కాశ్మీరమున రైలు నడచిన పిదప ఆ పేరు మారినది.

ఈ దారి యాత్రికుల కొరకు వేసినది కాదు. బైలదిల్లా ఇనుపరాతిని విశాఖ రేవునకు దింపి, జపానునకు పంపుటకై 1960 దశకమున కొండలను తొలిచి వేసిరి. ఈ సంగతి మనసున నుండగనే అరకులో దిగితిని.

మరునాడు కాలిబాటన ఒక గూడెమునకు బయలుదేరితిని. సిల్వర్ ఓకు చెట్ల నీడన కాఫీమొక్కలు. చెట్ల మ్రాకులకు ప్రాకిన మిరియపు తీగెలు. కాఫీకాయ లింకను పచ్చగానే ఉన్నవి. వాలులమీద చోడి, సామ చేలు. చూచుటకు ఇంపైన ఆ వాలు నడచుటకు ఎంత కఠినమో అరగంటలో నా మోకాళ్ళకు తెలిసినది.

ఊపిరి తీసికొనుటకు ఒక రాతిపై కూర్చుండగా, పైనుండి నలుగురు మనుష్యులు దిగివచ్చుచుండిరి. భుజములపై వెదురుగడ, గడకు దుప్పటితో కట్టిన డోలీ, అందులో ఒక నిండుచూలాలు. ముందువాడు కాలితో రాతిని తడవి, అది కదలదని తెలిసిన పిదపనే అడుగు వేయుచుండెను. వెనుక ఒక వృద్ధురాలు చిన్న మూట పట్టుకొని నడచుచుండెను. నేను లేచి దారి యిచ్చితిని. "రోడ్డు ఎంత దూరమమ్మా?" అని అడిగితిని. "గెడ్డ దాటితే వచ్చేస్తాది బాబూ. నిన్న వానకి పొంగిపోనాది, నేడు తగ్గింది" అని ఆమె ఆగకయే పలికినది. ఆ మాటలో ఫిర్యాదు లేదు. గెడ్డ తగ్గినదన్న ఊరట మాత్రమున్నది.

వారు మలుపు తిరుగువరకు చూచుచు నిలిచితిని. ఆ లోయకు ఆవల రైలుకూత వినవచ్చెను. ఇనుపరాతి కొరకు కొండను తొలువగల నేర్పు మనకు అరువదేండ్ల క్రిందటనే కలదు. కొన్ని గూడెములకు బాటలు పడినవి. కొన్నిటికి ఇంకను పడవలసియున్నవి.

శ్రోతలారా! శరత్కాలమున అరకు పోయిరండు. గెడ్డల నీటి సవ్వడి వినుడు. వలిసెపూలు పూచిన వేళ పోయినచో చేను త్రొక్కక గట్టుననే నిలిచి చూడుడు. తీరిక చిక్కినచో ఒక గూడెమునకు నడచి పొండు. కొండ ఎంత అందమైనదో రైలు కిటికీ చెప్పును. ఎంత ఎత్తైనదో డోలీ మోయు భుజమే చెప్పగలదు.