పంతులమ్మకి రెండో భాష ఏది?

(మహాసభల విద్యా సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

పక్క హాల్లో సినిమావాళ్ళ ముఖాముఖి నడుస్తోందని నాకు తెలుసు. దాన్ని వదులుకుని ఇటు వచ్చారంటే, మా ఇంట్లో వచ్చిన సమస్య మీలో కొందరి ఇళ్ళల్లోనూ వచ్చి ఉండాలి.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీరుని. బడి చదువుల గురించి మాట్లాడడానికి నాకున్న అర్హత మా అమ్మాయి ఒక్కతే. టెక్సస్‌లో కాలేజీలో చేరిన రెండో ఏడు, తను ఎలిమెంటరీ స్కూలు టీచరు అవుతానంది. మన సభల్లో డాక్టరు అవుతానన్న పిల్లలు కనిపిస్తారు, ఒకటో తరగతికి పాఠం చెప్తానన్న పిల్ల ఎక్కడా కనిపించదు. సరే, ఆ మాట జీర్ణం చేసుకోవడానికి మాకు నాలుగు నెలలు పట్టింది. జీర్ణమయ్యేసరికి రెండో ప్రశ్న తెచ్చింది. "నాన్నా, ఇంకో భాషలో కూడా సర్టిఫికెట్ తీసుకుందామనుకుంటున్నాను. ఏ భాష తీసుకోను?"

ఇంజినీరుని అడిగితే ఏం చేస్తాడు? ఎక్సెల్ తెరిచాను. ఒక వరుసలో మాండరిన్, ఒక వరుసలో ఫ్రెంచి, మూడో వరుసలో తెలుగు. జీతం, ఉద్యోగావకాశం, భవిష్యత్తు అని మార్కులు వేశాను. 2010 నుంచి 2017 లోపల అమెరికాలో తెలుగు మాట్లాడేవాళ్ళు 86 శాతం పెరిగారన్న లెక్క 2018లో వచ్చింది, గుర్తుందా? దాన్ని ఆధారం చేసుకుని తెలుగుకి రెండు మార్కులు ఎక్కువ వేశాను. నిజం చెప్పాలంటే మార్కుల కంటే ముందే తీర్పు రాసేసుకున్నాను. అమ్మాయి అదంతా ఓపిగ్గా చూసి, "నేను స్పానిష్ అనుకుంటున్నాను" అంది.

నాకు కోపం వచ్చింది. ఇన్నేళ్ళు ఆదివారాలన్నీ వదులుకుని తెలుగు నేర్పించింది ఇందుకా అన్నాను. గొంతు కొంచెం పెరిగింది కూడా. మూల కుర్చీలో కూర్చున్న మా నాన్నగారు అప్పటిదాకా పేపరు చదువుతున్నారు. తల ఎత్తకుండానే, "దలాలో మా సయామకి తెలుగు వచ్చేదిరా" అన్నారు.

సయామ అంటే బర్మా భాషలో పంతులమ్మ. ఈ మాట అర్థం కావాలంటే మిమ్మల్ని కాసేపు దలా తీసుకెళ్ళాలి.

రంగూన్ నగరానికి ఎదురుగా నదికి అవతలి ఒడ్డున ఉన్న ఊరు దలా. మా శ్రీకాకుళం వైపు పాతవాళ్ళు రంగూన్‌ని 'రంగం' అనేవారు. కాకినాడ, విశాఖపట్నం, కళింగపట్నం రేవుల నుంచి మనవాళ్ళు రంగం వెళ్ళి ఓడల మీద, ధాన్యం మిల్లుల్లో పని చేశారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీదుగా అక్కడ మనవాళ్ళని 'కోరంగీలు' అని పిలిచేవారు. ఆ పిలుపులో గౌరవం ఏమీ లేదు. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్‌లో ఉన్న నాలుగు లక్షల మందిలో సగానికి పైగా భారతీయులే. దలాలో ఇరావతీ ఫ్లోటిల్లా కంపెనీ వారి పడవల కార్ఖానా ఉండేది. ఒకప్పుడు ఆరు వందలకు పైగా పడవలు నడిపిన కంపెనీ అది. 1942లో జపాన్ వాళ్ళు వస్తున్నారని తన పడవల్ని తనే ముంచేసుకుంది. 1948లో బర్మా ప్రభుత్వం దాన్ని జాతీయం చేసింది. ఆ కార్ఖానాలోనే మా తాతగారు ఫిట్టరు.

మా నాన్నగారు 1956లో దలాలో పుట్టారు. ఇంట్లో తెలుగు, వీధిలో కొంచెం హిందుస్తానీ, బడిలో బర్మీస్. మొదటి రోజు బడిలో చుట్టూ ఉన్నవాళ్ళు ఏం మాట్లాడుతున్నారో తెలియక, దాహం వేస్తే ఎలా అడగాలో తెలియక ఏడ్చారట. ఆ పంతులమ్మ దగ్గరికి వచ్చి, "నీళ్ళా?" అని అడిగిందట. ఆవిడ బర్మా మనిషే. తన దగ్గరికి వచ్చే కార్ఖానా పిల్లల కోసం తల్లుల్ని అడిగి ఓ పాతిక ముప్పై మాటలు నేర్చుకుంది. నీళ్ళు, ఆకలి, కడుపునొప్పి, భయం లేదు, అమ్మ వస్తుంది. అంతే. వ్యాకరణం శూన్యం. ఆ పాతిక మాటల మీద నిలబడి మా నాన్నగారు బర్మీస్ అక్షరాలు దిద్దారు, ఎక్కాలు నేర్చారు, మూడో తరగతికి వచ్చారు.

తరువాత 1962లో నె విన్ సైనిక ప్రభుత్వం వచ్చింది. 1964 వసంతంలో కొట్లూ వ్యాపారాలూ జాతీయమయ్యాయి, మే నెలలో 50, 100 చాట్ల నోట్లు రద్దయ్యాయి. ఆ ఏళ్ళల్లో దాదాపు మూడు లక్షల మంది భారతీయులు బర్మా వదిలారు. మా వాళ్ళు ఓడలో విశాఖపట్నంలో దిగారు. విశాఖలో బర్మా క్యాంపు అనే పేట పేరు మీలో చాలామంది వినే ఉంటారు.

అక్కడ మా నాన్నగారిని ఒక బడిలో చేర్చారు. ఎనిమిదేళ్ళవాడు. తెలుగు శుభ్రంగా మాట్లాడతాడు, ఒక్క అక్షరం చదవలేడు. లెక్కలు చకచకా చేస్తాడు, కానీ అంకెలు బర్మీస్‌లో రాస్తాడు. పలక చూసిన మాస్టారు పిచ్చిగీతలు అనుకుని తుడిచేసి, ఒకటో తరగతిలో కూర్చోబెట్టారు. తప్పు ఆయనది కాదు, ఆయనకి ఎలా తెలుస్తుంది? కానీ చూడండి, పరాయి దేశంలో పరాయి మనిషి "నీళ్ళా?" అని అడిగింది. సొంత దేశంలో సొంత భాష మాట్లాడే మాస్టారికి ఈ పిల్లాడికి ఏం వచ్చో తెలుసుకునే దారి లేకపోయింది. రెండేళ్ళు పోయాయి. ఇప్పటికీ మా నాన్నగారు బ్యాంకులో డబ్బు లెక్కపెట్టేటప్పుడు పెదవులు చూడండి, "తిట్, హ్నిట్, తోన్" అనే కదులుతాయి.

2019 జనవరిలో ఆయన్ని దలా తీసుకెళ్ళాను. పాన్సొడాన్ రేవులో జపాన్ వాళ్ళు 2014లో ఇచ్చిన చెర్రీ అనే ఫెర్రీ ఎక్కితే పది నిమిషాలు కూడా పట్టలేదు. నదికి వంతెన రాబోతోందని అప్పటికే చెప్పుకుంటున్నారు. అవతల దిగగానే సైడ్‌కార్ రిక్షావాళ్ళు చుట్టుముట్టారు. నాన్నగారు యాభై అయిదేళ్ళ తరువాత నోరు తెరిచి బేరమాడారు. రిక్షా అతను పగలబడి నవ్వాడు. మా గైడుని అడిగితే, "సార్ చిన్నపిల్లాడిలా మాట్లాడుతున్నారు" అన్నాడు. నిజమే కదా, ఆయన బర్మీస్‌కి ఎనిమిదేళ్ళ దగ్గరే వయసు ఆగిపోయింది.

ఒక బడి ముందు ఆగాం. తెల్ల చొక్కాలు, ఆకుపచ్చ లుంగీలు కట్టుకున్న పిల్లలు "కజీ, ఖగ్వే" అని గొంతెత్తి వల్లె వేస్తున్నారు. మన క, ఖలే అవి. వాళ్ళ లిపికీ మన లిపికీ మూలం దక్షిణ భారతమే. మన 'గ', 'ప' లకి తలకట్టు తీసేస్తే దాదాపు బర్మీస్ 'గ', 'ప' అయిపోతాయి. వాక్యంలో క్రియ చివరికే వస్తుంది, మనలాగే. మనకి కష్టమయ్యేది స్వరం. అదే మాట గొంతు మార్చి అంటే అర్థం మారిపోతుంది.

ఆ రోజు గుడి దగ్గర కలిసిన ఒక పెద్దావిడ తెలుగులో మాట్లాడారు, ఆవిడ మనవలు బర్మీస్‌లో జవాబు చెప్పారు. అక్కడ ప్రభుత్వం గుర్తించిన జాతులు 135. మోన్, కరెన్ వంటి భాషలకి 2014 చట్టం తరువాత బడిలో కొంత చోటు దొరికింది. మనవాళ్ళు ఆ 135లో లేరు. అంటే దలాలో ఒక అమ్మాయి తెలుగు ప్రత్యేక భాషగా తీసుకుని ప్రాథమిక పాఠశాల టీచరు అవుదామన్నా ఆ ఉద్యోగమే లేదు. మారిషస్‌లో ఉంది. అక్కడ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో తెలుగు ఐచ్ఛిక భాష, దానికి వేరే టీచర్లు, వాళ్ళకి మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణ. మీ పిల్లలకి తెలుగే చెప్పాలనుంటే అలాంటి చోట ధైర్యంగా తెలుగు తీసుకోమనండి. ఇంగ్లండులో 2014 నుంచి 7 నుంచి 11 ఏళ్ళ పిల్లలకి ఒక పరభాష తప్పనిసరి. చట్టం ఏ భాషైనా సరే అంటుంది, బడులు మాత్రం ఎక్కువగా ఫ్రెంచి, స్పానిష్ వైపే చూస్తాయి.

టెక్సస్ సంగతి వేరు. ఒక స్కూలు జిల్లాలో, ఒకే తరగతిలో, ఇంగ్లీషు ఇంకా పట్టుబడని ఒకే భాష పిల్లలు 20 మంది ఉంటే జిల్లా ద్విభాషా బోధన ఏర్పాటు చెయ్యాలి. ఇక్కడ టీచరు ఆ భాషని పాఠంగా చెప్పదు, ఆ భాషలో పిల్లవాడికి లెక్కలు చెప్తుంది. ఈ తేడా నా ఎక్సెల్‌లో లేదు. నేను ఏ భాషకి గిరాకీ అని చూశాను, ఏ భాష మనది అని చూశాను. మా అమ్మాయి తను వారానికి రెండు రోజులు సాయానికి వెళ్ళే బడిలో ఏడుస్తున్నది ఎవరు అని చూసింది. ఆ తరగతిలో ఇరవై రెండు మంది ఉంటే పద్నాలుగు మంది ఇళ్ళల్లో స్పానిష్. తెలుగు పిల్లలు ఇద్దరు, ఇద్దరికీ ఇంగ్లీషు నాకంటే బాగా వచ్చు.

తెలుగు సభలో నిలబడి మా అమ్మాయి స్పానిష్ తీసుకుంది, నేను ఒప్పుకున్నాను అని చెప్పడం కొంచెం ఇబ్బందిగానే ఉంది. అందరూ స్పానిష్ తీసుకోమని నేను చెప్పడం లేదు. రేపు మన పేటలో తాతమ్మల దగ్గర పెరిగి తెలుగు ఒక్కటే వచ్చిన పిల్లలు ఇరవై మంది ఒక తరగతికి వస్తే, అక్కడ తెలుగు టీచరే కావాలి. చట్టంలో భాష పేరు రాసి లేదు.

మొన్న ఆగస్టులో అమ్మాయి బడికి వెళ్ళేముందు తాతయ్య దగ్గర కాగితం పెట్టుకుని కూర్చుంది. "తాతయ్యా, మీ సయామకి వచ్చిన తెలుగు మాటలు ఏవేవి?" అని అడిగి, ఒక్కొక్కటే రాసుకుని, పక్కన స్పానిష్ రాసింది. నీళ్ళు, ఆగ్వా. ఆకలి, ఆంబ్రే. ఆయనకి పద్దెనిమిది గుర్తొచ్చాయి. మిగిలినవి గుర్తు చేసుకుంటున్నారు.

ఎవరి పిల్లలైనా టీచర్లవుదామనుకుంటుంటే, సాయంత్రం టీ దగ్గర మా అమ్మాయి ఉంటుంది, అడగండి. నన్ను తిట్టదలుచుకున్నవాళ్ళకి నేనూ అక్కడే ఉంటాను.