ఆయుధశాలలో చిత్రకళావిద్యార్థి
(చిత్రకళావిద్యార్థుల సమావేశమున గావించిన యుపన్యాసము)



అహింసను నమ్మిన మేము మీకు కత్తులను డాళ్లను చూపబూనుట కొందరికి వింతగా తోచవచ్చును. మేము మిమ్ములను కత్తి పట్టుమనుట లేదు. పెన్సిలు పట్టి కత్తి యెదుట కూర్చుండుమనుచున్నాము.

హైదరాబాదు సాలారుజంగు మ్యూజియములో గడియారము గంట కొట్టువేళ చేరు జనసమ్మర్దమును మీరెరుగుదురు. ఆ జనమే ఆయుధముల గదిని నడకలోనే దాటిపోవును. చిత్రకారుడు నిలువవలసిన చోటది.

కటారిని చూడుడు. దాని పిడి అలుగునకు అడ్డముగా నుండును. పిడికిట బిగించినచో అలుగు ముంజేతికి సూటిగా ముందునకు సాగును. ఈ సంగతి యెరుగక, కూరలు తరుగు కత్తివలె కటారిని బట్టిన వీరులను గీసిన పటములను మేము పెక్కు చూచితిమి. నవ్వును వచ్చును, దుఃఖమును వచ్చును. ఇక గొలుసుకవచము, ఇనుప వలయములతో నల్లినదయ్యు వస్త్రమువలె జారును. దానిపై రొమ్మునకు, వీపునకు, ప్రక్కలకు కట్టు నాలుగు రేకులను పారసీకులు నాలుగద్దములనిరి. జారుదానిని, బిగిసినదానిని ఒక్క సీసపు గీతతో వేరుపరచి చూపుట ప్లాస్టరు బొమ్మల వలన అలవడునా?

కొన్ని యలుగులపై గానవచ్చు నీటివరుసలు అద్దిన రంగు కావు. తెలంగాణమున కోనసముద్రము వంటి యూళ్లలో మూసలయందు కరగించిన యుక్కుకై పారసీక వర్తకులు వచ్చెడివారు. ఆ యుక్కు స్వభావమే యలుగుపై చిత్రమై తేలినది.

చెప్ప కష్టమైన సంగతి యొకటి యున్నది. 1855లో తంజావూరు రాజు పుత్రహీనుడై మరణింపగా ఆ సంస్థానము కంపెనీ వశమైనది. 1863లో కోటలోని ఆయుధశాలను దొరతనమువారు చెదరగొట్టిరి. యాళిముఖములు చెక్కిన కటారులు మున్నగునవి కొన్ని మదరాసు మ్యూజియమునకు చేరినవి; తక్కినవానిలో పెక్కు పాత యినుమైనవి. 1850లోనే చిత్రకళాపాఠశాల వెలసిన పట్టణమది! పిమ్మట 1878 శాసనము అనుమతిపత్రము లేనిదే ఆయుధము ధరింపరాదనెను. ఆ కమ్మరులలో పెక్కుర పేళ్లు ఏ దస్త్రమునను లేవు. మిగిలిన సాక్షి ఆ వస్తువే. సాక్షిని ప్రశ్నింపక తీర్పు చెప్పరాదని మా వకీలువృత్తి మాకు నేర్పినది.

కావున ఒక పూట ఒక్క వస్తువు యెదుటనే కూర్చుండుడు. చీటీ చదువకమునుపే గీయుడు. స్నేహితుని చేత కర్రముక్క పట్టించి, ఆ చేతిని ప్రక్కన గీయుడు. ఆ మీదట హంపీ హజారరామాలయ ప్రాకారముపై సాగు సైనికులను చూచినచో, శిల్పి దేనిని విడిచెనో, దేనిని పట్టెనో మీకే తెలియును.

ఒకచోట గాజుపెట్టె యెదుట నేలపై కూర్చుండి గీయుచున్న బాలుని కావలివాడు లేపి పంపుట మేము కన్నులార చూచితిమి. పిడి ముగిసినది, అలుగు మిగిలిపోయినది. అట్టివారికి ఒక పీటయు, రెండు గంటల కాలమును దయచేయుడని అధికారులకు విన్నపము సిద్ధము చేసితిమి. సంతకము చేయదలచినవారు సభానంతరమున మమ్ము కలిసికొనగలరు.