కంటికి కనపడని దాన్ని కొలిచేదెట్ల?

(సిద్దిపేటలో కొత్తగా చదువు నేర్చిన మహిళల కోసం చేసిన ప్రసంగం)



పాలు విరిగితే వాసన వస్తుంది. కూరలో ఉప్పు ఎక్కువైతే నాలుక చెబుతుంది. వంటగ్యాసు లీకైతే ముక్కు పసిగడుతుంది. నిజానికి ఆ గ్యాసుకు వాసన లేదు. లీకైతే తెలవాలని దాంట్లో ఘాటు వాసన కలుపుతారు.

కాని ఒకటి ఉంది. దానికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. ఒంటికి తగిలినా తెలవదు. దాని పేరు అణుధార్మికత. కొన్ని పదార్థాల నుంచి కంటికి కనపడని కిరణాలు వస్తూనే ఉంటాయి. యురేనియం అనే లోహం అట్లాంటిదే.

ఇది కొత్తగా పుట్టింది కాదు. సిద్దిపేట చుట్టూ ఉన్న గ్రానైటు గుట్టల్లో కూడా కొంచెం ఉంటుంది. ఆకాశం నుంచి వస్తుంది. తినే తిండిలో ఉంటుంది. బియ్యానికి కిలో, పాలకు లీటరు ఉన్నట్టే, ఒంటికి తగిలే ఈ కిరణాలకు ఒక కొలత ఉంది. దాన్ని మిల్లీసీవర్టు అంటారు. ప్రకృతి నుంచి ఒక మనిషికి ఏడాదికి సగటున 2.4 మిల్లీసీవర్టులు అందుతాయి. ఇది ప్రపంచం మొత్తం మీద లెక్క. అణు కేంద్రాల వల్ల జనానికి అదనంగా అందేది ఏడాదికి 1 దాటకూడదు. మన దేశంలో అణుశక్తి నియంత్రణ మండలి పెట్టిన హద్దు ఇది.

"మన సిద్దిపేటల అణు కేంద్రం లేదు గదా, మనకెందుకు?" అని ఎవరన్నా అడగవచ్చు. మంచి ప్రశ్న. ఇంట్లో బల్బు వెలిగే కరెంటులో కొంత కర్ణాటకలోని కైగా అణు కేంద్రం నుంచి వస్తుంది. అట్లాంటి కేంద్రాలకు ఇంధనం హైదరాబాదులో తయారవుతుంది. దానికి కావలసిన యురేనియంలో కొంత కడప జిల్లా వేముల మండలం తుమ్మలపల్లె గని నుంచి వస్తుంది. అక్కడ కూడా ఆడవాళ్ళే బిందెలతో నీళ్ళు మోస్తారు.

ముందు ఒక సంగతి వినండి. 1986 ఏప్రిల్ 26న అప్పటి సోవియట్ దేశంలో చెర్నోబిల్ అణు కేంద్రం పేలింది. ప్రభుత్వం బయటికి చెప్పలేదు. రెండు రోజుల తర్వాత, వెయ్యి కిలోమీటర్ల పైన దూరంలో, స్వీడన్ దేశంలో ఒక కార్మికుడు కొలిచే యంత్రం ముందు నుంచి నడిచాడు. యంత్రం మోగింది. చూస్తే అతని బూట్లకు అణుధార్మిక ధూళి అంటుకొని ఉంది. తమ కేంద్రమే లీకయిందని ముందు అనుకున్నారు. కాదని తేలింది. గాలి మోసుకొచ్చిన ధూళి అది. ఆ సాయంత్రానికి సోవియట్ ప్రభుత్వం నోరు విప్పింది.

ఆలోపల చెర్నోబిల్ చుట్టుపక్కల ఆవులు ఆ ధూళి పడిన గడ్డి మేశాయి. ఆ పాలు పిల్లలు తాగారు. తర్వాతి ఏళ్ళలో వేల మంది పిల్లలకు గొంతు దగ్గర ఉండే థైరాయిడ్ గ్రంథికి క్యాన్సర్ వచ్చింది. పాలను వెంటనే కొలిచి ఆపితే వాళ్ళలో చాలామంది బతుకు వేరుగా ఉండేది.

అందుకే అణు విద్యుత్ కేంద్రాల దగ్గర కొలిచే ప్రయోగశాల పెడతారు. చుట్టూ 30 కిలోమీటర్ల దాకా నీళ్ళు, పాలు, బియ్యం, కూరగాయలు, చేపలు, గడ్డి తెచ్చి పరీక్ష చేస్తారు. ముఖ్యమైన మాట ఏమిటంటే, కేంద్రం నడవక ముందే ఈ కొలత మొదలు కావాలి.

ఎందుకు? అంగన్‌వాడీలో బిడ్డను తూకం వేస్తారు. ఒక్క నెల తూకంతో ఏం తెలుస్తుంది? పోయిన నెల ఎంత, ఈ నెల ఎంత అని కార్డు మీద గీత గీస్తేనే బిడ్డ పెరుగుతున్నదో తగ్గుతున్నదో తెలుస్తుంది. నీళ్ళకు కూడా అట్లాంటి కార్డు కావాలి.

ఇప్పుడు తుమ్మలపల్లెకు పోదాం. 2012 నుంచి ప్రభుత్వ సంస్థ యురేనియం కార్పొరేషన్ అక్కడ యురేనియం తీస్తున్నది. అక్కడ వెయ్యి కిలోల రాయి తవ్వితే అర కిలో యురేనియం కూడా ఉండదు. రాయిని పిండి చేసి, యురేనియం తీసి, మిగిలిన బురదను కె.కె. కొట్టాల దగ్గర చెరువులాంటి గుంటలో నింపుతారు. ఆ బురదలో అణుధార్మికత ఇంకా ఉంటుంది. గుంట అడుగున నీళ్ళు ఇంకకుండా పొర వేయాలి. చుట్టుపక్కల రైతులు బోరు నీళ్ళు పాడయ్యాయని, అరటి తోటలు ఎండిపోయాయని గోడు చెప్పుకున్నారు. మా గుంట వల్ల కాదని సంస్థ అన్నది. 2018లో కాలుష్య నియంత్రణ మండలి సంస్థకు నోటీసు ఇచ్చింది. అడుగు పొర గురించి అడిగింది.

ఆ నేలలో యురేనియం పుట్టుకతోనే ఉంది. కాబట్టి బోరులో యురేనియం కనపడితే అది గుంటదా, నేలదా? గుంట తవ్వక ముందు అదే బోరు లెక్క కావాలి. దూరంగా ఉన్న బోరు లెక్క కూడా కావాలి. అవి లేకపోతే వాదన తెగదు. మధ్యలో తాగేవాళ్ళు తాగుతూనే ఉంటారు.

నీళ్ళలో యురేనియం ఎక్కువైతే ముందుగా దెబ్బ తినేది మూత్రపిండాలు. బట్టతో వడకడితే పోదు. కాగబెట్టినా పోదు. నీళ్ళు ఆవిరై తగ్గితే ఇంకా చిక్కబడుతుంది. ఊళ్ళో చేసే మామూలు కిట్టు పరీక్షలో తేలదు. వేరే యంత్రం కావాలి. గ్రాములో పది లక్షల వంతును మైక్రోగ్రాము అంటారు. లీటరు నీళ్ళలో 30 మైక్రోగ్రాములు దాటవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మన అణుశక్తి నియంత్రణ మండలి హద్దు 60. రెండు హద్దులు ఎందుకని అడిగితే తప్పు లేదు.

పరీక్ష కాగితం చూపమని అడిగే హక్కు ఉంది. 2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవారికి దరఖాస్తు ఫీజు లేదు. ఒక తెల్ల కాగితం చాలు.

కాగితం చేతికి వస్తే ముందు తేదీ చూడాలి. తర్వాత ఏ బోరు నీళ్ళో చూడాలి. అంకె పక్కన హద్దు రాశారా చూడాలి. మాటకు, 28 అని ఉన్నదనుకోండి. "30 దాటలేదు, ఏం కాదు పోండి" అంటారు. పోయినేడు ఎంత అని అడగండి. పోయినేడు 8 అయితే, హద్దు దాటలేదన్న మాట నిజమే. బోరు మారిందన్న మాట కూడా నిజమే.