మన పిల్లల ఇంగ్లీషు చదువు
(పాఠశాల వార్షికోత్సవ సభయందు తల్లిదండ్రుల నుద్దేశించి చేసిన ప్రసంగపాఠము)

రాత్రి షిఫ్టు దిగి నిద్ర మాని వచ్చినవారు ఈ సభయందు పలువురున్నారు. మీ కాలము విలువైనది. కావున స్తుతివాక్యములు విడిచి ప్రస్తుతాంశమునకే వచ్చెదము.

ఈ సంవత్సరము మా యొద్దకు వచ్చిన తల్లిదండ్రులలో అనేకులు ఒకే ప్రశ్న నడిగిరి. “అయ్యా, తెలుగు బడిలో చదివిన మా పిల్లవానికి ఇంగ్లీషు వచ్చునా? ఇక్కడనుండి తీసి ఇంగ్లీషు మాధ్యమములో వేయుదుమా?” ఇది తేలికగా త్రోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. మన పెద్దలు నల్లగొండ, కరీంనగరము, వరంగల్లు ప్రాంతములనుండి భివండికి వచ్చిన నాడు చేతిలోని నేతపనియే వారికి అన్నము పెట్టెను. నేడు కాశేలి త్రోవ వెంబడి మగ్గముల షెడ్లతోపాటు పెద్ద పెద్ద గిడ్డంగులు కూడ వెలసినవి. అచ్చటికి వచ్చు పెట్టెలపై చీట్లు ఇంగ్లీషులో నుండును. లెక్కలు కంప్యూటరులో నుండును. ఆ చీటి చదువలేనివాడు పెట్టె మోయు పనియొద్దనే ఆగిపోవును. చదువగలవాడు లెక్క వ్రాయు బల్లయొద్దకు చేరును. కాబట్టి ఇంగ్లీషు అక్కరలేదని మేము చెప్పుట లేదు. అది కావలెను, బాగుగా రావలెను. తెలుగును విడిచినచో వచ్చునా, తెలుగును పట్టుకొన్నచో వచ్చునా అనునదియే విచారింపవలసిన విషయము.

మొదట ఒక అపోహను తొలగింపవలసియున్నది. తెలుగు బడియనగా ఇంగ్లీషు లేని బడి యని కొందరి భావము. అది నిజము కాదు. మహారాష్ట్రమున 2000 సంవత్సరమునుండి ఏ మాధ్యమపు బడియందైనను ఒకటవ తరగతినుండియే ఇంగ్లీషు నేర్పుచున్నారు. మాతృభాషయందు ప్రాథమిక విద్య నందజేయుటకు తగిన సదుపాయములు కల్పింపవలెనని 1956లో రాజ్యాంగమున చేరిన 350-ఎ అధికరణము చెప్పుచున్నది. 1953లో ప్రకటించిన నివేదికయందు యునెస్కో సంస్థయు మాతృభాషయే తొలి చదువునకు తగినదని తెలిపెను. వీలైనచోట కనీసము అయిదవ తరగతివరకు ఇంటిభాషయందే బోధింపవలెనని 2020 నాటి జాతీయ విద్యావిధానము కూడ చెప్పుచున్నది.

పరదేశపు ఉదాహరణ యొకటి వినుడు. చీనా దేశమున ఉన్నత పాఠశాల విద్యార్థులు గణితము, విజ్ఞానశాస్త్రము, చరిత్ర మున్నగునవన్నియు సాధారణముగా చీనా భాషయందే చదువుదురు. ఇంగ్లీషు వారికి ఒక పాఠ్యాంశము మాత్రమే. అయినను గావోకావో అనబడు వారి కళాశాల ప్రవేశపరీక్షలో ఇంగ్లీషునకు 150 మార్కులు గలవు. ఆ పరీక్షకు సుమారు 3000 ఇంగ్లీషు పదములు తెలిసియుండవలెను. చీనా భాషలో క్రియ కాలమునుబట్టి రూపము మార్చుకొనదు. ఇంగ్లీషులోని ‘ఎ’, ‘ది’ వంటి ఉపపదములును లేవు. అనగా ఇంగ్లీషునకును వారి భాషకును గల దూరము మనకంటె తక్కువ కాదు. అయినను వారు తమ భాషను విడువలేదు, అభ్యాసమును పట్టుకొనిరి. ఆ అభ్యాసము మూడు తెఱగులు: పదములు, పఠనము, వ్యాకరణము. ఈ మూడింటిని మన యిండ్లలో ఎట్లు సాగింపవచ్చునో మనవి చేసెదము.

మొదటిది పదములు. ఇరువది పదములు అర్థములతో వ్రాసి బట్టీపట్టుట మన పిల్లల అలవాటు. శనివారము అప్పగించినవి సోమవారమునకు మిగులవు. దీనికంటె దినమునకు అయిదు పదములు నేర్చి, ఒక్కొక్కదానితో ఒక్కొక్క వాక్యము కట్టుట మేలు. మాకు ఇంగ్లీషు రాదని మీరందురు గాని, బీము, బాబిను, షటిలు, మీటరు, మోటారు, షిఫ్టు అను మాటలు మీ నోట దినమంతయు నుండునవే. ముందుగా వీనినే పిల్లవానిచేత ఇంగ్లీషు అక్షరములతో వ్రాయింపుడు. పిమ్మట నిఘంటువు చూడుమనుడు. మనకు బీము అనగా పడుగు చుట్టునది. ఇంగ్లీషులో ఇంటి దూలమును బీమే, వెలుగు కిరణమును బీమే. మన నాడెను షటిలు అందురు; రెండు చోట్ల నడుమ అటునిటు తిరుగు బస్సును గూడ షటిలే అందురు. నాడె నడక తెలిసిన పిల్లవానికి ఆ రెండవ అర్థము ఎవరును చెప్పనక్కరలేదు.

మాటలు ఇచ్చిపుచ్చుకొనుట ఒకవైపునుండి మాత్రమే జరుగలేదు. మన ‘పందికొక్కు’ ఇంగ్లీషులోనికి పోయి ‘బాండికూట్’ అయినది. అయితే ఒక మాటకు ఒక మాట సరిగా దొరకునని మాత్రము తలంపరాదు. మేనమామ, పెదనాన్న, చిన్నాన్న ముగ్గురును ఇంగ్లీషులో ‘అంకులే’. మనము, మేము అను రెంటికిని ‘వుయ్’ ఒక్కటే. తెలుగులో ఈ భేదము తెలిసినవాడే ఇంగ్లీషులో అది లేదని గుర్తింపగలడు.

రెండవది పఠనము. మన లిపియందు వ్రాసినట్లు చదువుదుము. మరాఠీ, హిందీలకు వాడు దేవనాగరియు చాలవరకు అంతే. ఇంగ్లీషున అట్లు కాదు. పీ-యూ-టీ ‘పుట్’ అయినది, బీ-యూ-టీ ‘బట్’ అయినది. కావున వినక, బిగ్గరగా చదువక ఇంగ్లీషు రాదు. కాని బిగ్గర చదువునందును ఒక మోసము గలదు. నోరు చదువును, మనసు ఊరకుండును. పుట మొత్తము గడగడ చదివిన పిల్లవానిని “ఏమి చదివితివి?” అని యడిగిన నేల చూచును. ఈ మోసమును పట్టుకొనుటకు ఇంగ్లీషు వచ్చిన తండ్రియే కానక్కరలేదు. పుస్తకము మూయించి మూడు ప్రశ్న లడుగుడు: ఎవరు? ఏమి చేసిరి? ఎందుకు చేసిరి? తెలుగులో చెప్పగలిగెనా, చదివినట్లు. చెప్పలేకపోయెనా, మరల చదువవలెను. తెలియని మాట వచ్చినపుడు వెంటనే నిఘంటువునకు పరుగెత్తక, ముందువెనుకల వాక్యములనుబట్టి అర్థ మూహించి, పిదప సరిచూచుకొనుట మంచిది. బ్రౌను దొరగారు 1852లో అచ్చువేయించిన నిఘంటువును, శంకరనారాయణగారి ఇంగ్లీషు తెలుగు నిఘంటువును తెలుగు చదివినవాని కొఱకే యున్నవి. తెలుగు చదువరానివానికి ఆ తలుపు తెరచుకొనదు.

మూడవది వ్యాకరణము. మగ్గపువారికి ఈ మాట చప్పున తెలియును: పదములు పేక, వ్యాకరణము పడుగు. పడుగు లేక కండె లెన్ని యున్నను గుడ్డ కాదు. మన పిల్లల తప్పులు పెక్కు మూడు నాలుగు చోట్లనే పుట్టును. “ఆయన మా మామ” అను వాక్యమున మనకు క్రియ లేదు. కావున పిల్లవాడు “హి మై అంకుల్” అని వ్రాయును, నడుమ ‘ఈజ్’ మఱచును. “నాకు ఇద్దరన్నలున్నారు” అనునది ఇంగ్లీషులో “ఐ హావ్” అని మొదలగును. మన ‘ఉన్నారు’ అక్కడ ‘హావ్’ అయినది. “బడికి” అనుచోట మన విభక్తి మాట వెనుక నుండును, ఇంగ్లీషులో ‘టు’ ముందు నిలుచును. మనము కర్మను ముందు చెప్పి క్రియతో ముగింతుము. వారు క్రియను ముందు చెప్పి కర్మతో ముగింతురు. ఈ నాలుగు సంగతులు తెలుగు వాక్యమును ప్రక్కన పెట్టి చూపిన అరగంటలో బోధపడును. తెలుగు వాక్యమే సరిగా తెలియనివానికి ఏమి చూపి పోల్చి చెప్పుదుము?

చీనా పరీక్షలో ఒక చిన్న గద్యభాగమును ఇచ్చి, అక్కడక్కడ పది ఖాళీలు విడిచి, తగిన మాటను తగిన రూపమున వ్రాయుమందురు. దీనిని మన యింట చింతగింజలతో చేయింపవచ్చును. పిల్లవాడు బడిలో చదివిన పాఠమునే తెరచి, తల్లి పది చిన్న మాటలమీద పది గింజలు పెట్టవలెను. గింజ క్రింది మాట ఏదో పిల్లవాడు చెప్పి, ఎందుకో తెలుగులో వివరించి, గింజ తీసి తానే చూచుకొనవలెను. తల్లికి ఒక్క ఇంగ్లీషు అక్షరము తెలియనక్కరలేదు. తప్పిన గింజలను ప్రక్కన పెట్టి, మరునాడు ఆ మాటలే మరల అడుగవలెను. ఖర్చు లేదు, గైడు కొననక్కరలేదు.

మన పిల్లల భారము తక్కువ దని మేమనము. తెలుగు, మరాఠీ, హిందీ, ఇంగ్లీషు కలిసి నాలుగు భాషలు, మూడు లిపులు. మగ్గముల మ్రోతలో, ఒక్క గదిలో చదువు సాగవలెను. అయినను ఈ నాలుగింటిలో ఇంట తల్లిదండ్రులు నిశ్చయముగా సహాయము చేయగల భాష తెలుగొక్కటే. ఆ ఒక్క ఊతమును తీసివేసి, ఇంట నెవరికిని తెలియని భాషలో లెక్కలు, విజ్ఞానము అన్నియు నేర్చుకొమ్మనుట ఎంతవరకు న్యాయమో మీరే ఆలోచింపుడు. అక్కడ పాఠము తెలియకపోయిన, తెలియలేదని చెప్పుకొనుటకును పిల్లవానికి భాష యుండదు. ట్యూషనులకు రుసుము లిచ్చుటయు, పిల్లవాడు వెనుకబడుటయు ఒక్కసారే జరుగును.

బిడ్డ నెక్కడ చదివింపవలెనో నిర్ణయించు హక్కు మీది. దానిని మేము ప్రశ్నింపము. ఇంగ్లీషు మాధ్యమమునకు పంపినవారిని మేము పరాయివారిగా చూడము. వారి పిల్లలకును ఈ అభ్యాసములు పనికివచ్చును. వారు కూడ ఇంట తెలుగు చదువుట మాన్పింపవలదని మాత్రము వేడుకొనుచున్నాము. ఈ బడిలో నుంచినవారికి మా మాట యిది: పదములు, పఠనము, వ్యాకరణము ఈ మూడును మేము తరగతిలో క్రమముగా చేయింతుము, తప్పులు దిద్ది పుస్తకములు ఇంటికి పంపెదము. మీరు దినమునకు ఒక పావుగంట మగ్గమునుండి, వంటనుండి మిగిల్చి, పిల్లవాని ప్రక్కన కూర్చుండుడు. వాడు చదివినది తెలుగులో చెప్పునప్పుడు వినుడు. చింతగింజలు పెట్టుడు. ఆరు నెలలు ఇట్లు చేసిన పిమ్మట వాని పుస్తకము పట్టుకొని మా యొద్దకు రండు. మొదటి పుటను, కడపటి పుటను ప్రక్కప్రక్కన పెట్టి కలిసి చూతము. అప్పుడు మీరు తీసికొను నిర్ణయము ఏదైనను తెలిసి తీసికొన్న దగును.