ఊపిరి చూడు, నాడి వద్దు

 

1885లో రూపాబాయి ఫర్దూన్‌జీ హైదరాబాదు మెడికల్ స్కూల్లో చేరారు. గురువు ఎడ్వర్డ్ లారీ. మహా మొండిమనిషి. రోగి ముక్కుమీద మత్తిచ్చే క్లోరోఫాం గుడ్డ పెట్టాక చూపంతా ఊపిరిమీదే ఉండాలి. నాడి పట్టుకోవద్దు, ఊపిరి చూడు, అనేవాడు. ఇంగ్లండు డాక్టర్లు చాలామంది ఒప్పుకోలేదు. ఎవరి మాట నిజమో తేల్చే పరీక్షలకు నిజాం డబ్బిచ్చాడు. 1888లో ఒక కమిషన్, మరుసటేడు ఇంకొకటి. వాటిలో బలైనవి ఎక్కువగా కుక్కలు, పాపం! గెలిచానన్నాడు లారీ.

లారీ మాట సగమే నిజం. క్లోరోఫాం గుండెనూ ఉన్నట్టుండి ఆపగలదని తర్వాత తేలింది. రూపాబాయి మాత్రం ఎందరికో మత్తిచ్చారు, ఎడిన్‌బరో వెళ్లి ఇంకా చదివారు.

ఇప్పుడు ఊపిరీ చూస్తారు, గుండెనూ చూస్తారు. రెండూ. మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ ఉంటే మత్తు డాక్టరుతో ముందే మాట్లాడండి. ఉబ్బసం ఉన్నా, బీపీ మాత్రలు వాడుతున్నా దాచకండి.