చెరిపినా చెరగని వ్రాత

భోగినాడు తెల్లవారుజామున వీధివీధినా మంటలు వేసుకోవడం మనకు తరతరాల ఆచారం. విరిగిన పీటలు, చివికిన తట్టలు, పనికిమాలిన కర్ర సామాను, ఏడాది పొడుగునా ఇంట్లో పేరుకొన్న పాతదంతా ఆ మంటలో పడుతుంది. పడిన వస్తువు బూడిద అవుతుంది. దానితో మనకు గల సంబంధం అంతటితో తీరిపోతుంది. కాని ఆ మంటలో వేయడానికి వీలులేని పాత వస్తువొకటి నేడు అనేక గృహాలలో అటక ఎక్కి కూర్చున్నది. అది పాత కంప్యూటరు. దానిని కాల్చితే వెలువడేది విషవాయువు. పారవేస్తే, దానితోపాటు మన ఇంటి గుట్టు కూడ వీధిన పడుతుంది. మరి దానిని సాగనంపే పద్ధతి ఏది? ఈ ప్రసంగంలో ఆ విషయం మనవి చేస్తాను.

ఈ ప్రశ్న ఇటీవల మరికొంత తొందర కలిగించేదయినది. చాలా కంప్యూటర్లను నడిపిస్తూ వచ్చిన విండోస్ 10 అనే వ్యవస్థకు దాని నిర్మాతలు 2025 అక్టోబరు 14న సాధారణ మద్దతును ముగించినారు. దాని తరువాతి వ్యవస్థను మోయగల శక్తి అనేక పాత యంత్రాలకు లేదు. కనుక బాగా పనిచేస్తున్నవి కూడ మూలపడుతున్నవి. పాత సామాన్లు కొనేవారి బండి వీధిలోకి వచ్చినప్పుడు, ఇనుప కుర్చీతోపాటు కంప్యూటరు కూడ బండి ఎక్కుతున్నది.

మా వీధిలో ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయులున్నారు. ఉద్యోగ విరమణ తరువాత ఆయన వీధివారందరికీ దరఖాస్తులు నింపిపెట్టే పని సంతోషంగా పెట్టుకొన్నారు. పిల్లల ఉపకార వేతనాలు, వృద్ధుల పింఛనులు, పాసుపోర్టులు, రేషను కార్డులు, ఒకటేమిటి, వీధిలో ఆయన చేయి పడని కాగితం లేదు. వారందరి ఆధారు కార్డులు, బ్యాంకు పుస్తకాల మొదటి పుటలు, వేలిముద్రలు వేసిన పత్రాలు ఆయన కంప్యూటరులో పదేళ్ళుగా చేరుతూ వచ్చినవి. ఒకనాటి ఉదయం ఆ కంప్యూటరు ఆయన గుమ్మం ముందు కనిపించినది. పాత సామాన్ల అతనితో మూడువందల రూపాయల వద్ద బేరం నడుస్తున్నది.

"మాస్టారూ, అందులో మీ కాగితాలేమీ లేవు గదా?" అని అడిగినాను.

"ఏమీ లేవు నాయనా. రాత్రి కూర్చుని అన్నీ చెరిపివేసినాను. చెత్తబుట్ట కూడ ఖాళీ చేసినాను" అన్నారాయన.

నేను బేరం ఆపించి, ఒక్క పూట గడువు అడిగినాను. పోయిన ఫైళ్ళను వెదికి తీసే ప్రోగ్రాములు వెల లేకుండానే దొరుకుతవి. అటువంటిదొకటి ఆ యంత్రంపై నడిపించినాము. మధ్యాహ్నానికి తెరమీద పేర్లు రావడం మొదలుపెట్టినవి. చాకలి వీరయ్య, పాల సుబ్బమ్మ, ఎదురింటి కుర్రవాడు, అందరూ వరుసగా వచ్చినారు. వారి ముఖాలు, సంతకాలు, ఖాతా సంఖ్యలు కూడ వచ్చినవి. ఆ వరుసలోనే గతించిన ఆయన భార్య ఫోటోలు కొన్ని వచ్చినవి. వాటికి వేరే ప్రతి లేదట. మాస్టారు చాలాసేపు మాటాడలేదు. తరువాత, "ఇవి నావి కావు నాయనా, వాళ్ళు నన్ను నమ్మి ఇచ్చినవి" అన్నారు. ఆ మాట ఆవిడ ఫోటోలను గురించి కాదు, వీధివారి కాగితాలను గురించి.

చెరిపిన వ్రాత మళ్ళీ ఎట్లా వచ్చినది? గ్రంథాలయంలో పుస్తకాలు బీరువాలలో ఉంటవి. ఏ పుస్తకం ఏ బీరువాలో ఉన్నదో తెలిపే కార్డులు వేరే పెట్టెలో ఉంటవి. మనం ఒక ఫైలును చెరిపినప్పుడు కంప్యూటరు ఆ పెట్టెలోని కార్డును మాత్రమే తీసివేస్తుంది. పుస్తకం బీరువాలోనే ఉంటుంది. ఆ చోట మరొక పుస్తకం వచ్చి కూర్చునేవరకు అది చెక్కుచెదరదు. కార్డు లేకపోయినా, బీరువాలు ఒక్కొక్కటిగా వెదికే ఓపిక గలవానికి అది దొరుకుతుంది. కొన్ని సందర్భాలలో డిస్కును త్వరితగతిని ఫార్మాటు చేయడం కూడ ఇంతే. కార్డుల పెట్టెను మార్చినట్లే గాని, బీరువాలు ఖాళీ చేసినట్లు కాదు.

ఇది యంత్రం చేసే మోసం కాదు, పని త్వరగా జరగడానికి పెట్టుకొన్న ఏర్పాటు. 1956లో ఐ.బి.ఎం. సంస్థ తయారుచేసిన మొట్టమొదటి హార్డు డిస్కులో రెండడుగుల వ్యాసం గల పళ్ళేలు యాభై ఉండేవి. అంత పెద్ద యంత్రమూ దాచగలిగినది దాదాపు యాభై లక్షల అక్షరాలు మాత్రమే. నేడు అరచేతిలో ఇమిడే డిస్కు అంతకు లక్షల రెట్లు దాచుకొంటున్నది. అంత విశాలమైన స్థలంలో ప్రతిసారీ పాత వ్రాతను పూర్తిగా తుడుస్తూ కూర్చుంటే గంటలు పడుతుంది. అందువల్ల యంత్రం మరచినట్లు నటిస్తుంది గాని మరచిపోదు.

ఈ సంగతిని శాస్త్రీయంగా పరీక్షించినవారున్నారు. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో పరిశోధకులైన సిమ్సన్ గార్ఫింకెల్, అభి షెలాత్ అనేవారు పాత హార్డు డిస్కులు 158 కొని పరిశీలించి, తమ ఫలితాలను 2003లో ప్రకటించినారు. పనిచేసే స్థితిలో ఉన్నవి 129. వాటిలో సవ్యంగా తుడిచినవి 12 మాత్రమే. మిగిలిన వాటిలో వారికి అయిదువేలకు పైగా క్రెడిట్ కార్డు సంఖ్యలు, వైద్య సంబంధమైన సమాచారం, సొంత ఉత్తరాలు దొరికినవి.

చదువుకోని వారికి, సామాన్య గృహస్థులకు మాత్రమే ఈ పొరపాటు జరుగుతుందనుకోరాదు. మోర్గాన్ స్టాన్లీ అనే పెద్ద ఆర్థిక సంస్థ తన పాత యంత్రాలను తొలగించే పనిని, సమాచారం తుడవడంలో అనుభవం లేని ఒక సామాను రవాణా కంపెనీకి అప్పగించినది. ఆ యంత్రాలలో కొన్ని చేతులు మారి, చివరకు ఇంటర్నెట్టు వేలంలో అమ్ముడుపోయినవి. ఖాతాదారుల సమాచారం వాటిలో అట్లాగే ఉన్నది. ఇందుకు అమెరికా ప్రభుత్వపు వాటాల విపణి నియంత్రణ సంఘం 2022లో ఆ సంస్థపై మూడున్నర కోట్ల డాలర్ల జరిమానా విధించినది. ఎంత పెద్ద ఇల్లయినా, గుమ్మం దాటిపోయే సామానును ఎవరో ఒకరు స్వయంగా చూడవలసిందే.

ఇక చేయవలసిన పని. దీనికి ఒక క్రమం ఉన్నది. ఆ క్రమం తప్పరాదు.

మొదటిది, కావలసిన వాటిని దాచుకోవడం. ఫోటోలు, పత్రాలు, లెక్కలు వేరే డిస్కుపైకి రెండు ప్రతులు తీయవలెను. తీసిన తరువాత ఆ ప్రతులను మరొక కంప్యూటరులో తెరచి చూడవలెను. తెరచి చూడని ప్రతి, ఉన్నదో లేదో తెలియని ప్రతి. మాస్టారి విషయంలో ఈ పని ముందే జరిగి ఉంటే ఆయన ఆ మధ్యాహ్నం అంత కలత చెంది ఉండేవారు కారు.

రెండవది, ఖాతాల నుండి బయటకు రావడం. ఉత్తరాల ఖాతా, బ్యాంకు ఖాతా, ఫోటోల ఖాతా, వీటన్నిటి నుండి ఆ యంత్రాన్ని తొలగించవలెను. అది గుర్తుపెట్టుకొన్న సంకేతపదాలను, అవసరమనిపిస్తే, కొత్త యంత్రం నుండి మార్చుకోవలెను.

మూడవది, తుడవడం. ఇక్కడ డిస్కు జాతిని బట్టి పద్ధతి మారుతుంది. లోపల పళ్ళెం తిరిగే పాతరకం హార్డు డిస్కు అయితే, దాని ఈ చివరినుండి ఆ చివరివరకు కొత్త వ్రాత వ్రాయవలెను. 1996లో పీటర్ గుట్మన్ అనే శాస్త్రజ్ఞుడు ముప్పైఅయిదు పర్యాయాలు వ్రాసే పద్ధతిని సూచించినాడు. అది ఆనాటి రకరకాల డిస్కులన్నిటినీ దృష్టిలో ఉంచుకొని చెప్పినది. నేటి డిస్కుకు అన్ని పర్యాయాలు అనవసరమని తరువాత ఆయనే చెప్పినాడు. మొత్తం డిస్కుపై ఒక్కసారి సవ్యంగా వ్రాస్తే చాలును. విండోస్ యంత్రాలలో మొత్తం తొలగించి మొదటి స్థితికి తెచ్చే సదుపాయం ఉన్నది. అందులో డిస్కును శుభ్రపరచుమనే అదనపు ఎంపిక ఒకటి ఉంటుంది. చాలామంది దానిని చూడకుండానే ముందుకు పోతారు. అది ఎంచుకోవలెను. పని ముగియడానికి గంటలు పడుతుంది. పట్టనివ్వండి.

ఎస్.ఎస్.డి. అనబడే కొత్తరకపు డిస్కులో తిరిగే పళ్ళెం లేదు. అది తన అరుగుదలను తగ్గించుకోవడానికి, మనం వ్రాయమన్న చోట గాక మరొక చోట వ్రాస్తుంది. కనుక ఒక ఫైలుపై కొత్త వ్రాత వ్రాసినామని మనం అనుకొన్నా, పాత వ్రాత మరొక మూల మిగిలి ఉండవచ్చును. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాన్ డియాగో శాఖవారు 2011లో పరీక్షించి ఈ సంగతి తేల్చినారు. వీటికి నిర్మాతలు ఆ డిస్కులోనే అమర్చిన తుడుపు ఆజ్ఞను వాడవలెను. డిస్కులోని వ్రాత అంతా మొదటినుండి గుప్తలిపిలో ఉన్నట్లయితే పని మరింత సులభం. తాళపుచెవిని నాశనం చేస్తే లోపలి వ్రాత ఎవరికీ అర్థంకాని గీతల పోగుగా మిగులుతుంది.

యంత్రం అసలు వెలగకపోతే ఏమి చేయాలి? వెలగని యంత్రంలో ఏమీ లేదనుకోవడం ప్రమాదకరమైన భ్రమ. చెడినది మరొక భాగం కావచ్చును, డిస్కు నిక్షేపంగా ఉండవచ్చును. నాలుగు మరలు విప్పి డిస్కును బయటకు తీసి, మరొక కంప్యూటరుకు తగిలించి తుడవవచ్చును. అదీ సాధ్యపడకపోతే దానిని ధ్వంసం చేయవలెను. తిరిగే డిస్కు అయితే పళ్ళేల గుండా బెజ్జాలు వేయించవలెను. ల్యాప్‌టాపుల డిస్కులలో పళ్ళేలు తరచు గాజువి, పగిలితే ముక్కలు ఎగురుతవి. కళ్ళకు రక్షణ లేకుండా ఆ పనికి పూనుకోరాదు. ఎస్.ఎస్.డి. అయితే లోపలి చిప్పులు ఒక్కటీ మిగలకుండా పగలవలెను. ఇంట్లో ఉండే అయస్కాంతంతో రుద్దితే చాలుననే మాట నమ్మదగినది కాదు. ఎస్.ఎస్.డి.పై అయస్కాంతానికి పట్టే లేదు. బ్యాటరీ జోలికి మాత్రం పోరాదు. దానిని పొడిచినా, వంచినా మంటలు లేస్తవి.

నాలుగవది, అప్పగించడం. తుడిచిన యంత్రం పనిచేస్తూ ఉంటే దానిని మరొకరు వాడుకోవడం అన్నిటికంటే ఉత్తమం. పనికిరానిదైతే, ప్రభుత్వం వద్ద నమోదయిన పునర్వినియోగ సంస్థకు గాని, తయారుచేసిన కంపెనీ ఏర్పరచిన సేకరణ కేంద్రానికి గాని ఇచ్చి రసీదు తీసుకోవలెను. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన విద్యుత్ వ్యర్థాల నిబంధనలు ఇందుకు ఉద్దేశించినవే. ఢిల్లీలోని సీలంపూర్ వంటి చోట్ల రాగికోసం తీగలు కాల్చి, బంగారపు రేణువులకోసం పలకలను ఆమ్లంలో ముంచి బ్రతికే కుటుంబాలున్నవి. మనం మూడువందలకు అమ్మినది అక్కడి పిల్లల ఊపిరితిత్తులలోనికి చేరవచ్చును. ఆ సంగతి కూడ ఆలోచించవలసి ఉన్నది.

వ్యక్తిగత సమాచారపు రక్షణకై మన పార్లమెంటు 2023లో ఒక చట్టం చేసినది. అవసరం తీరిన తరువాత ఇతరుల సమాచారాన్ని తొలగించే బాధ్యతను అది సంస్థలపై పెట్టినది. సొంత పనులకు, ఇంటి పనులకు ఒక వ్యక్తి వాడుకొనే సమాచారానికి ఆ చట్టం వర్తించదు. అంటే, మన ఇంటి అటకమీది కంప్యూటరు విషయంలో మనలను అడిగే అధికారి ఎవరూ రాడు. అడగవలసినది మన మనస్సే. మన పెద్దలు బాకీ తీరగానే ప్రామిసరీ నోటును తిరిగి పుచ్చుకొని, సంతకం ఉన్న చోటు చింపివేసేవారు. ఆ కాగితం ఎవరి చేతిలో పడినా ప్రమాదమని వారికి తెలుసును. ఆ జాగ్రత్త మనకు కొత్తగా ఎవరో నేర్పవలసినది కాదు, కాగితం రూపు మారినందున మరచినాము, అంతే.

మాస్టారి కంప్యూటరు సంగతి చెప్పి ముగిస్తాను. ఆయన తన భార్య ఫోటోలకు రెండు ప్రతులు తీసి, ఒకటి తన బీరువాలోను, ఒకటి కూతురి ఇంటిలోను ఉంచినారు. ఆ రాత్రి ఆ యంత్రం తనను తాను తుడుచుకొంటూ తెల్లవార్లూ పనిచేసినది. మరునాడు అదే ప్రోగ్రాముతో మళ్ళీ వెదికించినాము. ఒక్క పేరు రాలేదు. ఆ యంత్రంలో వెల లేని లినక్సు వ్యవస్థను నింపి, వీధి చివరి టైలరు గారి అమ్మాయికి చదువుకోవడానికి ఇచ్చినారు. ఇచ్చేటప్పుడు ఆయన, "ఇందులో ఎవరి మాటా లేదమ్మా, ఇక నీ మాటలు వ్రాసుకో" అన్నారు.